సంగీత్ వచ్చింది సరే, నలుగు పాట ఏదీ?

ఏడో తరగతి పిల్లలతో ఆ రోజు మాటల ఆట ఆడించాను. బోర్డు మీద 'పెళ్లి' అని రాసి, దానికి సంబంధించి తెలిసిన మాటలన్నీ పది నిమిషాల్లో నోటుబుక్కులో రాయమన్నాను. తాళి, మండపం, సాంబారు, ఫొటో అందరూ రాశారు. ఆ తర్వాత వరసగా మెహందీ, హల్దీ, సంగీత్, డీజే. 'నలుగు' రాసినవాళ్లు ఇద్దరు. అందులో ఒకడు పక్కనే 'నలంగు' అని తమిళ మాట కూడా పెట్టాడు, టీచరుకు అర్థం కాదేమోనని. 'తలంబ్రాలు' ఒక్క పిల్ల రాసింది. 'అప్పగింతలు' ఎవరూ రాయలేదు.

"సంగీత్ అంటే ఏమిట్రా?" అని అడిగాను.

"పెళ్లికి ముందు రోజు రాత్రి డాన్సు, టీచర్."

"ఎవరి ఆచారం అది?"

"సినిమావాళ్లది."

నవ్వొచ్చింది కానీ, వాడన్న దాంట్లో అబద్ధం పెద్దగా లేదు. మా అత్తిపట్టు చుట్టుపక్కల పిల్లలకు పంజాబీలంటే జి.ఎన్.టి. రోడ్డు పక్కన ధాబాల్లో కనిపించే తలపాగాలే. ఒకవైపు థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు, ఇంకోవైపు గుమ్మిడిపూండి లోకల్ రైలు. ఆ రైల్లో తమిళం, తెలుగు, హిందీ, ఒడియా అన్నీ ఒకే బోగీలో వినిపిస్తాయి. పంజాబీ మాత్రం మన పెళ్లిళ్లలోకి రైల్లో రాలేదు, తెర మీంచి దిగింది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో ఆడింది. మరుసటి ఏడాది 'దిల్వాలే దుల్హనియా లే జాయేంగే'. పెళ్లికొడుకు చెప్పులు దాచడం, చేతులకు గోరింటాకు పెట్టుకుని ఆడటం, పాడటం మన ఇళ్లకు పరిచయమైంది అలాంటి సినిమాలతోనే. పిల్లవాడి తప్పేమీ లేదు.

అసలు పంజాబీ పెళ్లి ఎలా ఉంటుందో నేను చూసింది నాతో బి.ఇడి. చదివిన స్నేహితురాలి వల్ల. 1947 విభజన తర్వాత మద్రాసు చేరిన కుటుంబం వాళ్లది. రెండేళ్ల కింద ఆవిడ కూతురి పెళ్లికి పిలిస్తే, ముందు రోజుల నుంచీ వెళ్లాను. మెహందీ, డీజే చూస్తానని అనుకుని వెళితే, అక్కడ నాకు మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది.

డోలక్ మీద చెంచా

వాళ్ల ఇంట్లో నాలుగు రాత్రుల ముందే ఆడవాళ్లు కూర్చున్నారు. చాప మీద ఒకావిడ డోలక్ పట్టుకుంది. ఆమెకు ఎదురుగా ఇంకొకావిడ చెంచాతో డోలక్ చెక్క మీద తాళం వేస్తోంది. మైకు లేదు, స్టేజీ లేదు. సంగీత్ పుట్టింది అలాంటి కూర్పుల్లోనే. పంజాబు పల్లెల్లో పెళ్లికి చాలా రోజుల ముందే వరసగా రాత్రులు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరి పాడేవాళ్లు. దాన్ని ఒక్క రాత్రి కార్యక్రమంగా కుదించి, దీపాలు పెట్టి, నృత్యం నేర్పే మనిషిని పిలవడం తర్వాత వచ్చిన వేషం.

ఆ పాటల్లో జాతులున్నాయి. పెళ్లికూతురి ఇంట్లో పాడేవి 'సుహాగ్'లు. కూతురు తండ్రితో మాట్లాడుతున్నట్టు, ఎలాంటి ఇంటికి ఇవ్వమంటుందో, పుట్టిల్లు వదలడం ఎంత కష్టమో వాటిలో ఉంటుంది. పెళ్లికొడుకు ఇంట్లో పాడేవి 'ఘోడీ'లు. ఘోడీ అంటే ఆడ గుర్రం. పెళ్లికొడుకు గుర్రమెక్కి వెళతాడు కనుక ఆ పేరు. అక్కచెల్లెళ్లు, తల్లి, పిన్ని వాడి ముస్తాబును పొగుడుతూ పాడతారు. మూడో రకం 'సిఠ్ణీ'లు. మగపెళ్లివారు రాగానే ఆడపెళ్లివారి ఆడవాళ్లు వాళ్లను ఆటపట్టిస్తూ పాడే పాటలు. వియ్యంకుడి పొట్టనూ, వియ్యపురాలి పిసినారితనాన్నీ ఏదీ వదలరు. ఎవరూ కోపగించుకోకూడదన్నది నియమం.

నాకు స్నేహితురాలు ఒక్కో పాట అర్థం చెబుతుంటే, ఇవన్నీ మనకున్నవే కదా అనిపించింది. అప్పగింత పాటలు, పెళ్లికొడుకును చేసేటప్పటి పాటలు, వియ్యాలవారి మీద ఎత్తిపొడుపు పాటలు. అప్పుడే వాళ్ల పెద్దావిడ, స్నేహితురాలి అత్తగారు, నన్ను చూసి ఏదో అన్నది. "ఇప్పుడు మీ వంతు, మీ వాళ్ల పెళ్లి పాట ఒకటి పాడమంటోంది" అని నా స్నేహితురాలు చెప్పింది. ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్న మనిషిని. ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా రాలేదు. రెండు చరణాలు పాడి, మిగతాది గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను.

మేనమామ మర్యాద

పంజాబీ పెళ్లిలో మేనమామ లేనిదే పని జరగదు. పెళ్లినాటి ఉదయం వధువు చేతికి 'చూడా' వేసేది మేనమామ, మేనత్త కాదు, మామ భార్య కలిసి. చూడా అంటే ఎరుపు, తెలుపు గాజుల వరస. పూర్వం ఏనుగు దంతంతో చేసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్, లక్క. వాటిని ముందుగా పాలు కలిపిన నీళ్లలో ముంచుతారు. వేసేటప్పుడు పెళ్లికూతురు చూడకూడదు. కళ్లు మూస్తారు, వేశాక గుడ్డ కప్పుతారు. పెళ్లి తర్వాత కనీసం నలభై రోజులు, కొందరు ఏడాదిపాటు తీయరు. కొత్త కోడలని వీధిలో అందరికీ ఆ గాజులే చెబుతాయి. గాజులకు 'కలీరే' అని గొడుగుల్లాంటి బంగారు రంగు గుత్తులు వేలాడదీస్తారు. పూర్వం ఎండు కొబ్బరి, తామర గింజల పేలాలు గుచ్చేవారట. పెళ్లికూతురు పెళ్లికాని పిల్లల తలల మీద చేతులు ఊపుతుంది. గుత్తిలోంచి ముక్క ఎవరి మీద రాలితే తర్వాతి పెళ్లి వాళ్లది. ఆ రోజు ఒక పిల్ల రెండుసార్లు తల వంచింది, మూడోసారీ వంచబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగింది.

అమ్మ పుట్టింటివారిని వాళ్లు 'నానకే' అంటారు. వాళ్లు బట్టలు, నగలు, సామాను తెచ్చి అందరి ముందూ పెట్టడం ఒక ఘట్టం. మన వైపు తమిళులు 'తాయ్ మామన్ సీర్' అనేదీ, మనవాళ్లు మేనమామ కట్నం అనేదీ అచ్చం అదే. మన పక్క కొన్ని ఇళ్లలో ఇప్పటికీ మేనమామే వధువును గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తెస్తాడు.

నేను ఇంత పోలిక చెప్పి, మాటల్లో మాటగా "మాలో మేనమామనే పెళ్లి చేసుకోవడమూ ఉండేది" అన్నాను. డోలక్ ఆగిపోయింది. వాళ్ల ఆచారంలో తన గోత్రం, తల్లి గోత్రం, ఇద్దరు అవ్వల గోత్రాలు నాలుగూ తప్పించి సంబంధం చూడాలి. మామ వరస అంటే తండ్రి వరస. గాజులు వేసే చెయ్యే తాళి కట్టడమేమిటని వాళ్లకు మింగుడుపడలేదు. ఇద్దరి పెళ్లిలోనూ మేనమామకు పీట ముందే ఉంది కానీ, ఆ పీట అర్థం వేరు. మనలోనూ మేనరికాలు తగ్గాయని, డాక్టర్లు వద్దంటున్నారని చెప్పాక గానీ పాట మళ్లీ మొదలు కాలేదు.

పిండి, కుండ, దీపం

మన పిల్లలు 'హల్దీ' అనేదాన్ని పంజాబీ ఇళ్లలో 'మాయియా' అంటారు. రాసే ముద్ద పేరు 'వట్నా'. సెనగపిండి లేక బార్లీ పిండి, పసుపు, ఆవనూనె. మన నలుగుపిండికి పెసలు, పసుపు, నువ్వుల నూనె. నేల మారింది, నూనె మారింది. పీట మీద కూర్చోబెట్టి, ఒంటికి రాసి, స్నానం చేయించడం మారలేదు. పసుపు రంగు బట్టలు అందరూ వేసుకుని, ఒకరి మీద ఒకరు పసుపు నీళ్లు చల్లుకుని ఫొటోలు తీసుకోవడం ఈ మధ్య పుట్టిన ముచ్చట. అది వాళ్లదీ కాదు, మనదీ కాదు, ఫొటోగ్రాఫరుది.

ముందు రోజు రాత్రి 'జాగో' అని ఒకటుంది. మేల్కోండి అని అర్థం. అలంకరించిన బిందె మీద గోధుమపిండి దీపాలు వెలిగించి, మేనమామ భార్య నెత్తిన పెట్టుకుంటుంది. ఆడవాళ్లంతా పాడుతూ ఊరు తిరుగుతారు, తలుపులు తట్టి నిద్రపోయేవాళ్లను లేపుతారు. ఫోను, కార్డు లేని రోజుల్లో రేపు పెళ్లి అని ఊరికి చెప్పే పద్ధతి. చెన్నై అపార్ట్‌మెంట్‌లో వీధులు తిరగడం కుదరక, రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుదాకా మెట్లెక్కారు. వాచ్‌మన్ మాత్రం నిజంగానే లేచాడు.

వదిన కుండ తీసుకుని బావికో, గురుద్వారాకో వెళ్లి నీళ్లు తేవడం, ఆ నీళ్లతో వరుడికీ వధువుకూ స్నానం చేయించడం ఇంకో తంతు. 'ఘడోలీ' అంటారు. మనకు ఐరేణి కుండలు తేవడం ఉంది, కొందరి నోట అరివేణి కుండలు. కుమ్మరి ఇంటికి మేళంతో వెళ్లి, రంగులేసిన కుండలు పూజించి తెచ్చేవారు. ఈ మాట కూడా నా తరగతిలో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే స్టాఫ్ రూములో కూడా ఇద్దరికే తెలిసింది.

నాలుగు లావాలు

సిక్కుల పెళ్లి పేరు 'ఆనంద్ కారజ్'. పంజాబీ హిందువులు అగ్ని చుట్టూ ప్రదక్షిణ చేస్తారు, పాపిట సిందూరం పెడతారు. సిక్కుల పెళ్లిలో అగ్ని ఉండదు, గురుగ్రంథ్ సాహిబ్ ఉంటుంది. రెండూ పంజాబీ పెళ్లిళ్లే. పాటలు, చూడా, జాగో ఇద్దరివీ.

మగపెళ్లివారు రాగానే 'మిల్నీ' జరుగుతుంది. తండ్రి తండ్రిని, మామ మామను, బాబాయి బాబాయిని కౌగిలించుకుని దండలు వేసుకుంటారు. వియ్యంకుడు వియ్యంకుణ్ణి ఎత్తబోయి ఇద్దరూ తూలడం కూడా తంతులో భాగమేనేమో, అందరూ దాని కోసమే చూస్తున్నారు. తర్వాత లోపల అందరూ తలలు కప్పుకుని నేల మీద కూర్చుంటారు. వధువు తండ్రి వరుడి భుజం మీది కండువా కొస తెచ్చి కూతురి చేతిలో పెడతాడు. దాన్ని 'పల్లా' అంటారు. మనం కొంగులు ముడివేస్తాం, వాళ్లు చేత పట్టుకుంటారు.

నాలుగో గురువు రామదాస్ రచించిన నాలుగు చరణాలు 'లావా'లు. ఒక్కో చరణం ముందు చదువుతారు. తర్వాత గాయకులు అదే పాడుతుండగా జంట గ్రంథం చుట్టూ కుడివైపుగా నడిచి, మొక్కి కూర్చుంటుంది. నాలుగు చరణాలు, నాలుగు చుట్లు. తర్వాత ప్రార్థన, నేతి హల్వా ప్రసాదం, అందరికీ ఒకే బంతిలో భోజనం. ముహూర్తం చూడరు, జాతకాలు కలపరు. సిక్కుల నియమావళి ఆ రెండింటినీ, కట్నాన్నీ ఒప్పుకోదు. కట్నం సంగతి ఆచరణలో ఎలా ఉందని అడిగితే నా స్నేహితురాలు "మీలో ఎలా ఉందో అలాగే" అంది.

ఈ పెళ్లికి చట్టం గుర్తింపు ఊరికే రాలేదు. అగ్ని లేని పెళ్లి చెల్లదనే వాదం ఉండేది. దాని మీద పోరాడి 1909లో ఆనంద్ వివాహ చట్టం తెచ్చుకున్నారు. 2012 సవరణతో ఆ చట్టం కిందే నమోదుకూ దారి ఏర్పడింది. భాషా మైనారిటీ పాఠశాల నడిపేవాళ్లకు ఈ సంగతి వేరుగా చెప్పక్కర్లేదు. మనదైన పద్ధతికి కాగితం మీద చోటు కావాలంటే ఎన్ని గడపలెక్కాలో మనకు తెలుసు.

నన్ను కదిలించింది ఇంకొకటి. పెళ్లికూతురు చెన్నైలో పుట్టి పెరిగింది. ఇంగ్లీషు బడి, వీధిలో తమిళం. అయినా లావాలు చదువుతున్నప్పుడు ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. ఎక్కడ నేర్చుకుందంటే, సెలవు రోజుల్లో గురుద్వారాలో గుర్ముఖి అక్షరాలు దిద్దిందట. పెళ్లి మంత్రం తనకు తెలిసిన భాషలో, తను చదవగల లిపిలో ఉంది.

గింజలు వెనక్కి, ఉంగరం బిందెలో

సాగనంపేటప్పుడు, 'డోలీ' అంటారు, వధువు దోసిలితో బియ్యమో, పేలాలో తల మీదుగా వెనక్కి చల్లుతుంది. పుట్టింటి సిరి పుట్టింటనే ఉండాలని, తను తిన్న అన్నం రుణం తీరాలని. మన దగ్గర ఒడిలో బియ్యం పోసి పంపుతాం. ఆ అమ్మాయి ఇచ్చిపోతుంది, మన అమ్మాయి తీసుకుపోతుంది. ఏడుపు మాత్రం రెండిళ్లలో ఒకే శ్రుతి.

అత్తవారింట గుమ్మం ముందు తల్లి బిందెడు నీళ్లు తెచ్చి, జంట చుట్టూ తిప్పి తాగబోతుంది. కొడుకు అడ్డుపడతాడు. వాళ్ల కష్టం తనకు రావాలని తల్లి, వద్దని కొడుకు. మనం ఎర్రనీళ్లు దిష్టి తీసి పారబోస్తాం. లోపలికి వెళ్లాక పాలు కలిపిన నీళ్లలో ఉంగరం వేసి వెతికిస్తారు. నేను గట్టిగానే నవ్వాను. మన బిందెలో ఉంగరం ఆట, చేతి కంకణం విప్పడం, అన్నీ ఉన్నాయి. ఎవరు గెలిస్తే ఇంట్లో వాళ్లదే మాట అన్న బెదిరింపు కూడా ఉంది.

ఇంతా చెప్పి, సిక్కుల పెళ్లి తెలుగు నేలకు కొత్త అనుకోకండి. 1832 ప్రాంతంలో నిజాం దివాను చందూలాల్ కోరిక మీద మహారాజా రంజిత్ సింగ్ లాహోరు నుంచి పంపిన సైనికుల సంతతి ఇప్పటికీ హైదరాబాదులో ఉంది. అత్తాపూర్ దగ్గర బారంబాల గురుద్వారా వాళ్లదే. దక్కనీ సిక్కులంటారు. తెలుగు, ఉర్దూల మధ్య దాదాపు రెండు వందల ఏళ్లు గడిచినా అక్కడ పెళ్లంటే ఆనంద్ కారజే.

మా అక్క కూతురి పెళ్లి

నాకు ఇదంతా రాయాలనిపించింది మొన్న తిరుత్తణి పక్కన మా అక్క కూతురి పెళ్లయ్యాక. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ప్రాంతం అది. మా పెద్దమ్మ అప్పటికి చిన్నపిల్ల. తెలుగు బడిలో చేరి, తమిళ దేశంలో చదువు ముగించానని చెబుతుంది. పెళ్లిలో పందిరి రాట వేశారు, పక్కవాళ్లు 'ముహూర్తక్కాల్' అన్నారు. చదివింపులను 'మొయ్' అని రాశారు. ఇవి నాకు బాధ కలిగించే సంగతులు కావు. పక్కపక్కన బతికేవాళ్లు మాటలు ఇచ్చిపుచ్చుకుంటారు. తమిళ నలంగు, మన నలుగు ఒక్క తల్లి బిడ్డలే. తాళిలో రెండు బొట్లు చూసి ఎవరింటి పిల్లో ఇప్పటికీ పోల్చుకుంటాం. జీలకర్ర బెల్లం పెట్టారు, తలంబ్రాలు పోశారు.

బాధ వేసింది ముందు రోజు సాయంత్రం. సంగీత్ కోసం చెన్నై నుంచి డీజే వచ్చాడు. పిల్లలు నెల రోజులు సాధన చేసిన హిందీ పాటలకు ఆడారు, బాగా ఆడారు. మా పెద్దమ్మకు నలుగు పాటలు, హారతి పాటలు, వియ్యపురాలి పాటలు ఇరవై దాకా వచ్చు. స్పీకరు పక్కన కుర్చీలో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. పొద్దున నలుగు పెట్టేటప్పుడైనా పాడమంటే వీడియో అతను "అమ్మా, దీనికి పాట మేం తర్వాత వేసుకుంటాం" అన్నాడు. ఆవిడ సరే నాయనా అంది. మేమెవరమూ మాట్లాడలేదు, నేను కూడా. పంజాబీ పెద్దావిడ ముందు గొంతు బాగాలేదన్న మనిషిని, నేనేం మాట్లాడతాను?

మెహందీ పెట్టుకోవద్దని, సంగీత్ మానమని నేను పిల్లలకు చెప్పను. గోరింటాకు మనకూ ఉంది, ఆషాఢం రాగానే అరచేతులు ఎర్రబడేవి. నా గోడు ఒక్కటే. పంజాబీల సంగీత్‌లో ప్రాణం డాన్సు కాదు, ముసలమ్మ నోటి పాట. మనం డాన్సు తెచ్చుకుని, మన ముసలమ్మను నోరు మూయించాం.

2006 చట్టం తర్వాత తమిళం ఒకటో తరగతి నుంచీ తప్పనిసరి అయింది. నేర్చుకోవాల్సిందే, ఈ నేల భాష. కానీ తెలుగుకు దొరికే గంటలు ఎన్నో మన టైంటేబుల్ చూస్తే తెలుస్తుంది. పెళ్లి మాటలు పాఠ్యపుస్తకంలో లేవు, పరీక్షలో రావు. అవి ఉన్నవి ఇంట్లోనే, అదీ ఎనభై దాటినవాళ్ల దగ్గర.

అందుకని ఏడో తరగతికి దసరా సెలవుల్లో ఒక్కటే ఇంటిపని ఇచ్చాను. ఇంట్లోనో, పక్కింట్లోనో పెద్దావిడ దగ్గర కూర్చుని ఒక పెళ్లి పాట విని, ఆవిడ ఎలా పలికితే అలాగే తెలుగు లిపిలో రాసుకురావాలి. దిద్దకూడదు. తమిళ మాట వస్తే తమిళ మాటే రాయాలి. పాడిన మనిషి పేరు, ఊరు కింద రాయాలి. తల్లిదండ్రులు కొందరు ఫోను చేశారు, మార్కులు ఉన్నాయా అని. ఉన్నాయన్నాను. లేవు.

కొందరు తేలేదు. ఇద్దరు సినిమా పాట రాసుకొచ్చారు. తెచ్చినవాటిలో మూడు ఒకే పాటకు మూడు రూపాలు. పొన్నేరి పక్క ఒక రకం, ఊత్తుకోట పక్క ఇంకో రకం. వాటి మీద ఒక వారం పాఠం నడిచింది. 'అప్పగింతలు' అన్న మాట ఇప్పుడు అందరికీ వచ్చు.

ఆ రోజు 'నలంగు' అని పక్కన రాసిన పిల్లవాడు నలుగు పాట తెచ్చాడు. వాళ్ల జేజి పాడిందట. రెండో చరణంలో ఒక మాట నాకు తెలియలేదు. నిఘంటువులో వెతికాను, లేదు. తమిళంలో అడిగాను, వాళ్లకూ తెలియదు. జేజిని అడగరా అంటే, "అడిగాను టీచర్, మా అమ్మ అలాగే పాడేది, అర్థం ఎవరికి తెలుసు అంది" అన్నాడు. ఆదివారం లోకల్ రైలెక్కి వాళ్ల ఇంటికి వెళ్తున్నాను. మా పెద్దమ్మనూ తీసుకెళ్తున్నాను.